గురువారం బెంచీ

మా అమ్మ చేతుల వాపు తగ్గింది. ఎడమచేతి ఉంగరపు వేలు మాత్రం వంగిన చోటే ఉండిపోయింది. అది ఇక నిటారుగా రాదని డాక్టరు చెప్పారు. మిగతా వేళ్లు దక్కాయి. ఆ ఒక్కటి ఎలా పోయిందో రాస్తే ఇంకో ఇంట్లో ఇంకొకరి వేలు దక్కవచ్చు. అందుకే రాస్తున్నాను. రాసి పెట్టుకుంటే నాకూ కాస్త కుదురుగా ఉంటుందనేది రెండో కారణం.

నేను పాలిటెక్నిక్ చదివి తాండూరు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. వేడి, ఒత్తిడి చూపించే మీటర్లు నిజం చెబుతున్నాయా లేదా చూడడం నా పని. అంకె తేడా వస్తే ఏ వరుసలో అనుమానించాలో మాకు నేర్పిస్తారు: ముందు మీటరును, తర్వాత వైరును, తర్వాత వైరు బిగించిన చోటును, అన్నీ అయ్యాక యంత్రాన్ని. ఈ అలవాటు నాతోపాటు ఇంటికి కూడా వచ్చింది. అమ్మ జబ్బున పడ్డాక నేను అనుమానించని మనిషి లేడు, వస్తువు లేదు. ఒక్కరిని తప్ప.

మాది యాలాల్ దగ్గర పల్లె. నాయిన మొగులప్ప గొర్లు కాస్తాడు. కొంచెం వానకు పండే చెలక ఉంది, అందులో కంది వేస్తాం. చేను పని అంతా అమ్మదే. ఆమె పేరు అనంతమ్మ.

కలుపుల కాలం

ఆ ఏడు వానలు పడి కంది మొలిచాక, ఒక పొద్దున అమ్మ కుర్పి పట్టుకోబోతే పిడికిలి మూసుకోలేదు. కుర్పి అంటే కూర్చుని కలుపు తీసే చిన్న ఇనుప పనిముట్టు. చేతులు వేడినీళ్లలో ముంచి, కొంగుతో తుడుచుకుని, ఎవరికీ చెప్పకుండా చేనుకు పోయింది. మధ్యాహ్నానికి వేళ్లు వదులయ్యాయట. మర్నాడు తెల్లారేసరికి మళ్లీ బిగుసుకున్నాయి.

మా ఇంట్లో రెండు పూటలా జొన్నరొట్టె. పిండి ముద్దను అరచేత్తో తట్టి తట్టి పలచగా చేయాలి. అమ్మ చేసిన రొట్టె అంచుల్లో పగలడం మొదలైంది.

"ఏందే, రొట్టె గిట్ల ఇరుగుతుంది. జొన్నలకు పురుగు పట్టిందా?" అన్నాడు నాయిన.

"గిర్నోడు పిండి ముతకగ పట్టిండు," అంది అమ్మ.

నాకు గిర్నివాడి మీద నిజంగానే అనుమానం వచ్చింది. తర్వాతి పిండి వేరే గిర్నిలో పట్టించుకొచ్చాను. ఆ రొట్టె కూడా విరిగింది. అప్పుడు కానీ నేను అమ్మ చేతుల వైపు చూడలేదు. వేళ్ల కణుపులు ఉబ్బి మెరుస్తున్నాయి.

మా దగ్గర ఆడవాళ్లు కలుపుకు బదులు పోతారు. ఇవాళ నలుగురైదుగురు కలిసి నీ చేనులో కలుపు తీస్తే, వాళ్లలో ఒక్కొక్కరి చేనుకు నువ్వు ఒక్కో రోజు పోవాలి. పనికి పనే బదులు, రోజుకు రోజే. అమ్మ బదులులో ముందుండేది మా పక్కింటి సాయమ్మ. పొద్దున్నే గోడ అవతలి నుంచి "అనంతా, లేసినవా? పొద్దెక్కింది," అని ఆమె పిలిస్తేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. చేన్లో పనికంటే మాటలే ఎక్కువ నడిచేవని నాయిన దెప్పేవాడు. అమ్మ ఒప్పుకునేది కూడా.

ఆ నెల అమ్మ బదులు తీర్చలేకపోయింది. అయినా సాయమ్మ వాళ్లు వచ్చి మా చేనులో కలుపు తీసిపోయారు. అమ్మ ఆ పొద్దంతా గడపలో కూర్చుని ఉంది. సాయంత్రం నాయినతో, "ఇంక రావొద్దని చెప్పు. నేను తీర్చలేను," అంది. నాయిన చెప్పివచ్చాడు. ఆ తర్వాత గోడ అవతలి పిలుపు ఆగిపోయింది.

తాండూరులో సూదులు వేసే ఒకాయన దగ్గరికి తీసుకుపోయాను. సూది పడ్డాక అమ్మ చకచకా నడిచింది. కొన్నాళ్లకు వాపు రెండింతలై తిరిగివచ్చింది. మళ్లీ సూది, మళ్లీ వాపు. ఆయన ఏం వేస్తున్నారో అడిగితే "శక్తికి" అన్నారు. అక్కడితో ఆపించాను.

ఈలోపు మా మేనత్త వచ్చి అమ్మ చేతులు అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిది దవాఖాన రోగం గాదు. ఎవలో ఏదో చేసిండ్రు. కలుపుకాడ నీ పక్కన కూసునేది ఎవలు?"

"సాయమ్మ," అంది అమ్మ.

"గదీ సంగతి."

"నా చేతులు చెడగొడితె దానికేం వస్తది వదినా? రేపు దాని చేన్ల కలుపు ఎవలు తీస్తరు?"

అయినా మేనత్త మాట ఊళ్లోకి పోయింది. సాయమ్మ వాళ్లు చేనుకు వేరే సందులోంచి పోవడం మొదలుపెట్టారు. చేతబడి సంగతి నేను నమ్మలేదు. కానీ ఆమె సందు మార్చిన సంగతి చూశాను, ఏదో ఉందనుకున్నాను.

కంది కోతలు

వికారాబాద్‌లో ఒక దవాఖానకు గురువారాల్లో కీళ్ల డాక్టరు వస్తారని తెలిసి సెలవు పెట్టి తీసుకుపోయాను. గోడ పొడుగునా సిమెంటు బెంచీ, దాని మీద అంతా ఆడవాళ్లే. అందరి చేతులూ ఒడిలో, కొంగు కింద. ఎవరికి వారు దాచుకుంటున్నారని నాకనిపించింది. ఎవరైనా వరుస దాటుతారేమోనని నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

డాక్టరమ్మ చేతులు నొక్కి చూశారు. కీళ్లవాతం అన్నారు. రక్తపరీక్ష రాశారు. మందులు వాడితే అదుపులో ఉంటుంది, పూర్తిగా పోదు, ఆపితే వేళ్లు వంగిపోతాయి, వంగినవి తిరిగిరావు అన్నారు. రోజూ వేసుకునేవి కొన్ని, వారానికి ఒక్కసారే వేసుకునే పసుపు మాత్ర ఒకటి. ఆ పసుపు మాత్రే అసలైనదని నాకు రెండుసార్లు చెప్పారు. నెలనెలా రావాలన్నారు.

మొదటి రెండు నెలలు నేను వెంట పోయాను. తర్వాత అమ్మ, "నీ డ్యూటీ ఖరాబైతది. నాకు తొవ్వ ఎరుకైంది," అని ఒక్కతే పోవడం మొదలుపెట్టింది. తాండూరు దాకా ఆటో, అక్కడి నుంచి ప్యాసింజరు రైలు.

మందులు పనిచేశాయి. అమ్మ మళ్లీ రొట్టె తట్టింది, మందంగానైనా. నాకు అనుమానం వచ్చింది కూడా అప్పుడే. డాక్టరు చూసేది కొద్దిసేపు. అమ్మ పొద్దున పోయి దీపాలు పెట్టే వేళకు వచ్చేది. పెద్ద డబ్బా నిండా రొట్టెలు, పల్లీల పొడి కట్టుకుపోయేది. అది ఒక మనిషి తినే తిండి కాదు.

"దవాఖానకు పోతున్నవా, పెండ్లికి పోతున్నవా?" అన్నాడు నాయిన.

"ఆకలైతది," అంది అమ్మ.

ఇంకొకటి. ఆమె భుజాలు పైకి లేవవు. ఇంట్లో జుట్టు ఎలాగో ముడేసుకునేది. గురువారం సాయంత్రం మాత్రం నున్నగా దువ్విన బిగుతైన జడతో వచ్చేది.

"జడ ఎవరేసిండ్రమ్మా?"

"రైల్ల ఎవలో ఆడిమనిషి ఏసింది."

ప్రతి నెలా రైల్లో అదే చేతివాటం జడ వేసే మనిషి దొరుకుతుందంటే నేను నమ్మలేదు. పసరు పోసేవాళ్ల దగ్గరికో, తాయెత్తు కట్టేవాళ్ల దగ్గరికో పోతోందని అనుకున్నాను. మెడలో, మొలలో తాడేమైనా కొత్తగా ఉందా అని దొంగచాటుగా చూశాను. ఏమీ లేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

ఎండలు

ఎండలు ముదిరే వేళకు వాపు బాగా తగ్గింది. డాక్టరమ్మ సంతోషపడి, అంత దూరం నుంచి నెలనెలా రానక్కర్లేదు, మూడు నెలలకోసారి చాలన్నారు. నేను ఇంకా ముందుకు పోయాను. రక్తం తాండూరులోనే ఇచ్చే ఏర్పాటు చేశాను. మాత్రలు నేనే తెస్తానన్నాను. రొట్టెలు చేసి అమ్మే ఒకామె తాండూరులో ఉంటే ఆమె దగ్గర రోజూ కట్టించుకొచ్చాను. గ్యాసు పొయ్యి, వంటింట్లోకి నల్లా, ఆమెకంటూ ఒక ఫోను. అమ్మ ఏ పని దగ్గర చేతులు వాడాల్సి వస్తుందో చూసుకుని, ఒక్కొక్క పనీ తీసేస్తూ పోయాను.

"మంచిగుంది కదా అమ్మా?"

"మంచిగుంది కొడుకా. సరే తియ్యి," అంది.

రెండు నెలలు తిరగకుండా వాపు మొదలైంది. పొద్దున్నే మంచం దిగడానికి నాయిన లేపాల్సి వచ్చేది. ఉంగరపు వేలు పక్కకు ఒరగడం నా కళ్లముందే జరిగింది. భయం వేసింది. భయం వేస్తే నేను చేసేది ఒక్కటే, వరుసగా అనుమానించడం.

మాత్రలు నకిలీవేమో. ఆ అట్టను వికారాబాద్ తీసుకుపోయి డాక్టరమ్మకు చూపించాను. అసలువే అన్నారు. ఎండకు పాడయ్యాయేమో. కుండ పక్కన చల్లటి చోట పెట్టించాను. మేనత్త చాటుగా పసరు ఏమైనా తాగిస్తోందేమో. నాయినను కాపలా పెట్టాను, ఆయన కాపలా ఎలా ఉంటుందంటే నేరుగా పోయి, "పసరేమన్న తాగిపిస్తున్నవా అక్కా?" అని అడిగేశాడు. మేనత్త అలిగి మా ఇంటికి రావడం మానేసింది. వచ్చేవాళ్లలో ఆ ఒక్కరూ పోయారు. తాండూరు రొట్టెల పిండిలో ఏదో కలుపుతున్నారేమోనని కూడా అనుకున్నాను.

అట్ట చూపించిన రోజే డాక్టరమ్మ నన్ను ఒక ప్రశ్న అడిగారు.

"మీ అమ్మగారు మాత్రలు వేసుకుంటున్నారా?"

"వేసుకుంటుందండీ. అట్టలు ఖాళీ అవుతున్నాయి కదా," అన్నాను.

ఒక ఆదివారం అమ్మ దొడ్లో ఉండగా ఆమె ఫోను మోగింది. ఎత్తాను. నేను హలో అనేలోపే అవతలి గొంతు అందుకుంది.

"ఏమే అనంతా, ఉన్నవా పోయినవా? ఇంక వాపెక్కలేదానే నీకు? నీ జాగల వేరేటోళ్లు కూసుంటుండ్రు."

"ఎవరండీ మీరు?"

ఆమె గొంతు తగ్గించింది.

"కొడుకువా? ఫ్యాక్టరీల చేసెటోనివా?"

"అవును. మీరెవరు?"

"బంట్వారం పెంటమ్మ అని చెప్పు. ఎరుకే," అని పెట్టేసింది.

వాపెక్కలేదా అని అడిగే మనిషి ఎవరై ఉంటారు? పసరు పోసేవాళ్ల మనిషే అనుకున్నాను. ఇన్నాళ్లకు దొరికిందనుకుని నేరుగా దొడ్లోకి పోయాను. అమ్మ నీళ్ల పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"పెంటమ్మ ఎవరు?"

"దవాఖాన్ల మనిషి. నాలెక్కనే, చేతులు."

"నీకు వాపెక్కితే ఆమెకేం పని?"

"మజాకు చేస్తది గది."

"మాత్రలు వేసుకుంటున్నవా అమ్మా?"

"ఏసుకుంటున్న."

"పసుపు మాత్ర?"

అమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. ఆ చిన్న పనికి రెండు అరచేతులూ కావాల్సి వచ్చాయి.

"గీ పొయ్యిల ఏస్తున్న," అంది.

మంట వైపు చూస్తూనే ఆమె చెప్పింది.

"మంచిగైతే మూన్నెల్లకొకసారి రమ్మంటుండ్రు. వాపుంటెనే నెలనెల రమ్మంటరు. పెంటమ్మ నెలనెల పోతది, చంద్రకళ పోతది. నేనే పోత లేను. నీకు డ్యూటీ, మీ నాయినకు గొర్లు. పొద్దంత గీ గోడలే గద కొడుకా."

"వేళ్లు వంగిపోతయమ్మా. మళ్ల రావు."

"వంగనియ్. నిటారుగ ఉంటె ఎవలు పిలుస్తుండ్రు?"

నేను అనుమానించని ఒక్కరు అమ్మ. మిగతా అందరినీ వరుసలో పెట్టి ఆమెను మాత్రం వదిలేశాను. ఆమె మా దగ్గర జబ్బు మనిషి, జబ్బు మనిషికి బాగుపడడం తప్ప వేరే కోరిక ఉంటుందని నాకు తట్టలేదు.

మళ్లీ వానలు

తర్వాతి గురువారం ఇద్దరం పోయాం. ఆ బెంచీ మీద ముసలామె ఒకరు అమ్మను చూడగానే పక్కకు జరిగి చోటిచ్చింది. ఆమే పెంటమ్మ. పక్కన కొడంగల్ చంద్రకళ, నాకంటే కొంచెం పెద్దదేమో. పుట్టిల్లు కర్ణాటకలో సేడం వైపు, మాటల్లో కన్నడం దొర్లుతుంది. అమ్మ వాళ్లకు పొయ్యి సంగతి తనే చెప్పింది. నేను చెప్పాల్సి వస్తుందేమోనని భయపడుతూ వచ్చాను.

"యాకక్కా గిట్ల చేసినవ్?" అంది చంద్రకళ. యాక అంటే కన్నడంలో ఎందుకు అని.

పెంటమ్మ అమ్మ చెయ్యి లాక్కుని ఒరిగిన వేలును చూసింది. ఆమె వేళ్లన్నీ ఎప్పుడో కొంకర్లు తిరిగి ఉన్నాయి.

"నీకు సిగ్గున్నదా? నా చేతులు జూసి గూడ నీకు తెల్వి రాలేదా? నీవి గూడ గిట్లైతె నాకు రొట్టె ఎవలు తెస్తరే? నా కోడలు సల్లటన్నం కడ్తది, గది ముద్ద జేయనీకి నాకు వేళ్లు లెవ్వు. రొట్టెనైతె రెండు చేతులతోని అదిమి పట్టుకొని తింట. నీ కోసం గాదు, నా కోసం మింగు."

అమ్మ నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుంది.

"తాండూరు రొట్టెలు తెచ్చిన," అంది నెమ్మదిగా.

"గవి నాకొద్దు."

ఆ పొద్దంతా అక్కడే నిలబడి చూశాను. పెంటమ్మకు వేళ్లు లేవు, మోకాళ్లు ఉన్నాయి. చీటీ కిటికీకి, రక్తం ఇచ్చే గదికి అందరి తరఫునా ఆమే తిరిగింది. చంద్రకళకు మోకాళ్లు లేవు, వేళ్లు మంచివి. సీసా మూతలు ఆమే తిప్పింది, మాత్రల అట్టలు ఆమే చించింది, అమ్మ తల దువ్వి జడ వేసింది. భుజాలు లేవని ఇంకొకామెకు కూడా వేసింది. ఇక్కడా నడుస్తున్నది బదులే. ఎవరి ఒంట్లో ఏ కీలు పనిచేస్తే ఆ కీలుతో తీరుస్తున్నారు. అమ్మ వంతు రొట్టె. దాన్ని నేను తాండూరులో కొని తెచ్చి ఆమెకు లేకుండా చేశాను.

"గీ పిలగాడు మన ముచ్చట్లు ఇననీకి వచ్చిండా?" అంది పెంటమ్మ, నా వైపు అనుమానంగా చూస్తూ.

"కావలి," అంది అమ్మ.

"కావలైతె ఊకె నిలవడుడేంది? పోయి నీళ్లు పట్కరా."

పోయి పట్టుకొచ్చాను.

లోపల డాక్టరమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఆమె అమ్మను తిట్టలేదు. చాలాసేపు ఆ వేలును పట్టుకుని కూర్చున్నారు. మూడు నెలలని తాను రాసింది దూరం తగ్గించడానికేనని చెప్పి, "నెలనెలా రండి. వాపున్నా లేకున్నా రండి," అన్నారు.

ఇంటికొచ్చాక తాండూరు రొట్టెలు మాన్పించాను. నల్లా, గ్యాసు ఉంచాను. అమ్మ పొద్దున్నే వేళ్లు సాగే దాకా వేడినీళ్లలో పెట్టుకుని, తర్వాత తట్టుతుంది. మేనత్త దగ్గరికి నాయినే పోయి బతిమాలుకొచ్చాడు. ఊళ్లో సంగతి అంత తేలిగ్గా సర్దుకోలేదు. ఒకరోజు తాండూరు బస్టాండులో సాయమ్మ ఎదురైంది.

"మీ అమ్మ ఎట్లున్నది?"

"వచ్చి చూడొచ్చు కదా అత్తా. గోడ పక్కనే కదా."

"ఎట్ల రావాలె బిడ్డా? నేనొస్తె బదులు అడగనీకి వచ్చిన్నేమో అనుకుంటది. రావొద్దన్నది గద. అంతల నేనేదో చేసిన్నని గూడ అన్నరు."

ఇలా తలుపులు మూసుకున్న రెండిళ్ల మధ్య మా గోడ ఒక్కటే ఉంది. అమ్మకు ఈ మాట చెప్పాను. సాయమ్మ ఇంకా రాలేదు. అమ్మ కూడా పోలేదు. నేను మధ్యలోకి పోలేదు. నేను మధ్యలోకి పోయి సదుపాయాలు చేస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను.

ఈ జబ్బు మనిషి ఇంట్లో ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగేవి కొన్నే. తక్షణం తగ్గించే సూదుల వెంట పోవద్దు. పసుపు మాత్ర ఆపొద్దు. ఆమె చేతుల్లోంచి ఒక పని తీసేసే ముందు ఆ పని ఎవరి కోసం చేస్తోందో అడగండి. నేను అడగలేదు.

మొన్న గురువారం సెలవు దొరికి అమ్మతో పోయాను. బెంచీ చివర, అందరికీ దూరంగా, గోడ వైపు తిరిగి ఒక అమ్మాయి కూర్చుని ఉంది. చేతులు కొంగు కింద దాచుకుంది. ఎవరైనా దగ్గరికి వస్తే ఇంకా జరుగుతోంది. అమ్మ కాసేపు చూసి, లేచి, నెమ్మదిగా నడుస్తూ పోయి ఆమె పక్కన కూర్చుంది.

"ఏ ఊరు?"

అమ్మాయి అనుమానంగా చూసింది, చెప్పలేదు.

అమ్మ ఇంకేం అడగలేదు. పొద్దున రైల్లో జనం ఎంత ఉన్నారో, టికెట్టు కాడ ఎవరితో గొడవైందో చెప్పుకుంటూ పోయింది. చాలాసేపయ్యాక ఆ అమ్మాయి నోరు విప్పింది.

"పిల్లను ఎత్తుకుంటె చేతులకెల్లి జారింది. కావాలనే జార్చిన్నంటుండ్రు మా ఇంట్ల. పని తప్పిచ్చుకోనీకి నకరాలట."

"గట్లనే అంటరు. మొదట్ల నా రొట్టె ఇరిగితె తప్పు గిర్నోని మీద పడ్డది," అంది అమ్మ. "పిల్లకేం గాలేదు గద?"

"ఏం గాలేదు."

"ఎంత పిల్ల?"

లోపలి నుంచి అటెండరు కేక వేశాడు. "యాలాల్ అనంతమ్మ."

అమ్మకు వినపడలేదు. ఆ అమ్మాయి చేతులు కొంగు బయటికి వచ్చాయి, అమ్మ వాటి మీదికి వంగి ఉంది.

"వెనకవాళ్లను పంపండి," అన్నాను నేను.

అటెండరు నన్ను కిందికీ పైకీ చూశాడు. "మీ అమ్మనే గదా గామె? గాడనే కూసున్నది గదా?"

"అవును. పని మీద ఉంది," అన్నాను.